కూర్చోబెట్టకండి... పడకుండా నడవనివ్వండి!



"ఏం గాదు బిడ్డా, జర కాలు జారింది, గంతే!"

సూర్యాపేటలో గానీ, కోదాడలో గానీ, మిర్యాలగూడలో గానీ... పెద్దవాళ్లున్న ఇంట్లో ఈ మాట వినని కోడలు ఉండదేమో! మోచెయ్యి గీరుకుపోయి ఉంటుంది, చీర తడిసి ఉంటుంది, నడక కాస్త వంకర పోయి ఉంటుంది. అయినా అత్తమ్మ నోట వచ్చేది మాత్రం ఇదే మాట. నొప్పి లేకనా? ఎందుకు లేదు! పడ్డానని ఒప్పుకుంటే రేపటి నుంచి వాకిట్లోకి కూడా పోనివ్వరేమోనని ఆమె భయం.

కోడలి భయం కోడలిది. అత్తగారు మంచాన పడితే ఊళ్లో నలుగురూ ఏమంటారు? "కోడలు సక్కగ చూడలే" అనే కదా! ఆ మాట పడటం కంటే ముందే జాగ్రత్త పడదామని, "అత్తమ్మా, మీరేం చెయ్యొద్దు, కదలకుండా కూర్చోండి, అన్నీ మీ దగ్గరికే తెస్తా" అంటుంది. ప్రేమతోనే అంటుంది. కానీ అక్కడే వస్తుంది చిక్కంతా!

కూర్చున్న కాళ్లు కూర్చున్నట్టే సన్నబడతాయి. తొడ కండరాల్లో బలం తగ్గేకొద్దీ లేచి నిలబడటమే కష్టమవుతుంది. నెల రోజులు మూలన కూర్చోబెట్టిన మనిషి ఏ అర్ధరాత్రో ఒంటరిగా లేచి నాలుగడుగులు వేస్తే పడకుండా ఎలా ఉంటుంది? అందుకే ఈ వారం మనం చెప్పుకోబోయేది ఒక్కటే విషయం. పెద్దవాళ్లను కదలనివ్వకుండా ఆపడం జాగ్రత్త అనిపించుకోదు. వాళ్లు తిరిగే ఇంటిని, వాళ్ల కాళ్లను సిద్ధం చెయ్యడమే అసలైన జాగ్రత్త.

ఎందుకు పడతారు?

"వయసు మీద పడ్డది, ఇంక పడకేం జేస్తరు" అని తేలిగ్గా తీసేస్తుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క చూడండి. కింద పడి చనిపోతున్నవాళ్లు ప్రపంచంలో ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది. ప్రమాదవశాత్తూ తగిలే దెబ్బల వల్ల కలిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. పడి చనిపోయేవాళ్లలో ఎక్కువ మంది 60 ఏళ్లు దాటినవాళ్లే.

ఒక్క కారణంతో పడటం అరుదు. చూపు మసకబారి ఉంటుంది, షుగరు వల్ల అరికాళ్లు మొద్దుబారి ఉంటాయి, పొద్దున వేసుకున్న బి.పి. మాత్ర వల్ల లేవగానే కళ్లు తిరుగుతాయి, కింద నేల తడిగా ఉంటుంది. ఈ నాలుగూ విడివిడిగా ఉంటే ఎలాగో నెట్టుకొస్తారు. నాలుగూ ఒకే క్షణాన కలిస్తే పడతారు. వీటిలో రెండింటిని తప్పించగలిగినా సగం గండం గడిచినట్టే కదా!

మన వైపు ఇంకో సంగతి ఉంది. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట వేరే జిల్లా అయ్యేదాకా ఈ మూడు పట్టణాలూ నల్లగొండ జిల్లాలోనివే. ఆ జిల్లా పేరు చెబితే ఫ్లోరైడ్ గుర్తుకు రానివాళ్లుండరు. బావి నీళ్లు, బోరింగు నీళ్లు తాగి పెరిగిన తరంలో కొందరికి వెన్నెముక, కీళ్లు బిగుసుకుపోయాయి. మెడ పక్కకు తిరగదు, నడుము వంగదు, కాలు పూర్తిగా పైకి లేవదు. అలాంటివాళ్లకు చిన్న గడప కూడా పెద్ద గట్టే! ఫ్లోరోసిస్ ఉన్న ఎముక పైకి గట్టిగా కనిపించినా పెళుసుగా ఉండొచ్చు. మీ ఇంట్లో అలాంటి పెద్దవాళ్లుంటే కింద చెప్పే జాగ్రత్తలు రెట్టింపు తీసుకోండి.

ఇళ్లు మారాయి, కాళ్లు మారలేదు

మన పాత ఇళ్లలో నాపరాతి బండలుండేవి. కాస్త గరుకుగా ఉండి పాదానికి పట్టు దొరికేది. ఇప్పుడు కొత్తగా కట్టుకునే ఇళ్లలో అద్దంలా మెరిసే టైల్స్, మెట్లకు గ్రానైట్. చూడటానికి ముచ్చటగా ఉంటాయి, తుడవడం సులువు. అయితే వాటి మీద నీళ్లు పడితే కంటికి ఆనవు. డెబ్బయ్యేళ్లు బండల మీద నడిచిన కాళ్లు ఆ నున్నటి నేల మీద తడబడతాయి.

టైల్స్ పీకించమని నేననడం లేదు. ఇల్లు తడిబట్టతో తుడిచాక వెంటనే పొడిబట్టతో ఇంకోసారి తుడవండి. పెద్దవాళ్లు కునుకు తీసే వేళ చూసుకుని తుడిస్తే ఇంకా మంచిది. ఎండాకాలం కూలరు కింద కారే నీళ్లు, దాని వైరు... రెండూ ప్రమాదమే. వైరును గోడ పక్కగా పోనిచ్చి టేపు అంటించండి. పాత చీర మడిచి గుమ్మం ముందు వేసే కాళ్లపట్టా టైల్స్ మీద సర్రున జారుతుంది. దాన్ని తీసేసి కింద రబ్బరున్నది వేయండి. పిల్లల బొమ్మలు, దినపత్రికలు, విడిచిన చెప్పులు నడిచే దారిలో ఉండొద్దు.

గడపకు పసుపు, కుంకుమ పెట్టుకోవడం మన ఆచారం. గడప, నేల ఒకే రంగులో కలిసిపోతే మసక చూపుకు ఎత్తు తెలియదు. గడప మీద నిండుగా పసుపు ఉంటే కళ్లకు ఆనుతుంది కూడా! మెట్ల అంచులకు కూడా ఇలాగే కొట్టొచ్చే రంగు గీత ఒకటి వేయించండి.

స్నానాల గది

ఇంట్లో అన్నిటికంటే కనిపెట్టి ఉండాల్సిన చోటు ఇదే. తడి, సబ్బు నురగ, వంగడం, లేవడం... అన్నీ ఒక్కచోటే.

గోడకు స్టీలు పట్టుకమ్మీ ఒకటి పెట్టించండి. తువ్వాలు వేసే కడ్డీ మనిషి బరువుకు ఊడి వస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి ఉంటే చాలు. స్నానానికి తేలికపాటి ప్లాస్టిక్ స్టూలు జారిపోతుంది. కాళ్లకు రబ్బరు బుడిపెలున్న గట్టి కుర్చీ వేయండి. బకెట్ మరీ కింద లేకుండా చిన్న పీట మీద పెడితే ప్రతి చెంబుకూ వంగే పని తప్పుతుంది. వేడినీళ్ల బకెట్ మాత్రం మీరో, ఇంట్లో ఇంకెవరైనా పెట్టిరావాలి. పెద్దవాళ్లతో మోయించొద్దు. వారానికోసారి నేల రుద్ది పాకుడు, సబ్బు జిడ్డు వదిలించండి.

తలుపు సంగతి చాలామందికి తట్టదు. లోపలికి తెరుచుకునే తలుపైతే, లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడితే బయటివాళ్లు తెరవలేరు. కొత్తగా కట్టించేవాళ్లు బయటికి తెరుచుకునేలా చెప్పండి. ఉన్న ఇంట్లో అయితే గడియ పెట్టొద్దని చెప్పండి. సిగ్గుపడితే బయట ఒక తువ్వాలు వేలాడదీయండి. తువ్వాలుంటే లోపల మనిషి ఉన్నట్టు గుర్తు.

మంచం నుంచి మరుగుదొడ్డి దాకా

రాత్రి మూత్రానికి లేచినప్పుడు పడటం ఎక్కువ. ఆ దారి మీరే ఒకసారి లైటు లేకుండా నడిచి చూడండి, ఏది తగులుతుందో తెలుస్తుంది! దారి పొడుగునా చిన్న రాత్రి దీపం, మంచం మీది నుంచే చెయ్యందే స్విచ్చి, పక్కనే నీళ్లు, కళ్లద్దాలు, చేతికర్ర... ఇవి ఉండాలి.

మంచం ఎత్తు చూడండి. అంచున కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. సాగిపోయిన నులక మంచంలోంచి లేవడం కష్టం, పరుపు మీద పరుపు వేసిన డబుల్ కాట్ మీది నుంచి దిగడం కష్టం. ఇంకో మాట నేర్పండి: లేవగానే నడవొద్దు. ముందు కూర్చుని ఇరవై లెక్కపెట్టాలి, పాదాలు నాలుగైదుసార్లు ఆడించాలి, ఏదైనా పట్టుకుని నిలబడి ఇంకో పది లెక్కపెట్టాలి. తల తిరగడం లేదంటేనే అడుగు వేయాలి.

సాయంత్రం దాటాక నీళ్లు, టీ కాస్త తగ్గిస్తే రాత్రి లేవడం తగ్గుతుంది. అయితే పగలు నీళ్లు తగ్గించొద్దు. మన ఎండలకు ఒంట్లో నీళ్లు తగ్గినా కళ్లు తిరిగి పడతారు.

వాకిలి, డాబా, వంటిల్లు

పొద్దున్నే వాకిలి ఊడ్చి సాన్పి చల్లందే చాలామంది పెద్దమ్మలకు తెల్లారినట్టుండదు. ఆ పని మాన్పించకండి. నీళ్ల బకెట్ మీరు పట్టండి, ముగ్గు ఆమెను వేయనివ్వండి. డాబా మీద వడియాలు, మిరపకాయలు ఎండబెట్టేటప్పుడు పెద్దవాళ్లను కాపలాకు పంపుతుంటాం. కోతులున్న వీధుల్లో ఈ పని పెట్టొద్దు. కోతి మీదికి వస్తే బెదిరి వెనక్కి అడుగేస్తారు, ఆ వెనుక మెట్లుంటాయి! వంటింట్లో పచ్చడి జాడీ, చింతపండు డబ్బా సజ్జ మీద నుంచి దించి నడుమెత్తులో పెట్టండి. మీరు లేనప్పుడు స్టూలెక్కే పని ఉండదు.

అరిగిన హవాయి చెప్పులు పారేయండి. మడమ దగ్గర పట్టీ ఉండి, అడుగు గరుకుగా ఉన్నవి కొనండి. చీర, లంగా, పంచె చీలమండకు రెండంగుళాలు పైకి ఉంటే కాలికి అడ్డం పడవు.

బస్సు, గుడి, జాతర

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక మన పెద్దమ్మలకు కాళ్లకు చక్రాలొచ్చాయి. కూతురింటికి, గుడికి చేతిలో డబ్బుల్లేకపోయినా వెళ్లిరాగలుగుతున్నారు. ఎంత మంచి సంగతి! అయితే బస్సు మెట్టు ఎత్తు. బస్సు పూర్తిగా ఆగేదాకా సీట్లోంచి లేవొద్దని చెప్పండి. సంచి భుజానికి తగిలిస్తే రెండు చేతులూ కడ్డీ పట్టుకోవడానికి ఖాళీగా ఉంటాయి. కొంచెం బలంగా ఉన్న కాలు ముందు ఎక్కడానికి, నొప్పి ఉన్న కాలు ముందు దిగడానికి.

మిర్యాలగూడ వైపు వాడపల్లిలో కృష్ణా, మూసీ సంగమం ఉంది. కృష్ణ ఒడ్డునే మట్టపల్లి నరసింహస్వామి ఉన్నాడు. నీళ్లలోకి దిగే మెట్లకు పాకుడు ఉంటుంది, కనిపించదు. పెద్దవాళ్లను చెయ్యి పట్టి దించండి, లేదంటే ఒడ్డునే కూర్చోబెట్టి చెంబుతో పోయండి. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల జాతరకు వెళ్తే, జనం తోపులాట లేని వేళ చూసుకుని గట్టెక్కించండి.

కాళ్లకు రోజూ కాస్త పని

ఇది అన్నిటికంటే ముఖ్యమైనది. 25 దేశాల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్లపై జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి 2019లో చూస్తే, తూకం నిలిపే వ్యాయామం చేసేవాళ్లలో పడటం ఇంచుమించు నాలుగో వంతు తగ్గిందని తేలింది. వారానికి మూడు రోజులైనా చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన వంటింటి గట్టే దీనికి చాలు:

1. గోడకు ఆనించిన కుర్చీలోంచి లేచి నిలబడి, మెల్లగా కూర్చోవడం. అయిదుసార్లతో మొదలుపెట్టి పదికి పెంచండి.

2. వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం, పదిసార్లు.

3. గట్టు పట్టుకునే ఒంటికాలి మీద పది లెక్కపెట్టేదాకా నిలబడటం, తర్వాత రెండో కాలు.

4. గోడ పక్కగా, ఒక పాదం మడమకు ఇంకో పాదం వేళ్లు తగిలేలా పదడుగులు.

మొదట్లో మీరు పక్కన నిలబడండి. గుండె జబ్బు, తీవ్రమైన మోకాళ్ల నొప్పి, ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లు డాక్టరును అడిగి చెయ్యాలి. పప్పు ఉడికేలోపు అయిపోయే పని ఇది. మీరూ కలిసి చెయ్యండి, మీ మోకాళ్లకూ మంచిదే!

మందుల డబ్బా, కళ్లద్దాలు

ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు కుమ్మరించండి. "వీటిలో కళ్లు తిరిగేవి ఏవి?" అని అడగండి. నిద్రమాత్రలు, కొన్ని బి.పి. మాత్రలు, మూత్రం ఎక్కువయ్యే మాత్రలు పడటానికి కారణమవుతాయి. కూర్చున్నప్పుడే కాకుండా నిలబెట్టి కూడా బి.పి. చూడమనండి. అంతేగానీ మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి. విటమిన్ డి కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే వేయాలి. ఒకేసారి మరీ పెద్ద మోతాదు వేస్తే పడటం ఇంకా ఎక్కువైందని కూడా తేలింది.

2018లో, మళ్లీ 2023లో జరిగిన కంటివెలుగు శిబిరాల్లో మన పెద్దవాళ్లు చాలామంది అద్దాలు తీసుకున్నారు. అవే ఇంకా పెట్టుకుంటున్నారా? ఏడాదికోసారి చూపు మారిందేమో చూపించాలి. శుక్లం ఉంటే ఆపరేషన్ వాయిదా వేయొద్దు. రెండు చూపుల అద్దాలు పెట్టుకుని మెట్లు దిగితే కిందిమెట్టు మసగ్గా కనిపిస్తుంది. ఆ వేళ మెట్లకమ్మీ తప్పనిసరి.

అయినా పడితే...

గాభరాగా రెక్కలు పట్టి లేపకండి. ముందు పక్కన కూర్చుని మాట్లాడించండి. ఎక్కడ నొప్పి, తల తగిలిందా అని అడగండి. నొప్పేమీ లేదంటే పక్కకు తిరిగి, మోకాళ్లూ చేతులూ ఆనించి, ఎదురుగా వేసిన కుర్చీ పట్టుకుని వాళ్లంతట వాళ్లే లేచేలా సాయం చెయ్యండి.

తుంటి దగ్గర నొప్పి, నిలబడలేకపోవడం, ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉండటం... ఇవి తుంటి ఎముక విరిగిన గుర్తులు. కదిలించకుండా 108కి ఫోన్ చెయ్యండి. నూనె రాసి తోమడం, నాటుకట్టు కట్టించి నాలుగు రోజులు చూడటం పనికిరావు. తుంటి విరిగితే ఆపరేషన్ వీలైనంత త్వరగా, రెండు రోజుల్లోపు జరిగితే మంచిది. ఆలస్యమయ్యేకొద్దీ మంచాన ఉండటం వల్ల పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరతాయి. సూర్యాపేటలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2019లో మొదలైంది, దానికి జనరల్ ఆసుపత్రి ఉంది. అక్కడైనా, మీకు దగ్గర్లో ఎముకల డాక్టరున్న ఇంకే ఆసుపత్రికైనా ఆ రోజే చేర్చండి.

తల తగిలినవాళ్లు రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే, బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తర్వాత రోజుల్లో, వారాల్లో మత్తు, వాంతులు, తికమక మాటలు కనిపించినా అంతే.

పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉండి, పెద్దవాళ్లిద్దరే ఉంటున్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో! సెల్‌ఫోన్ ఎత్తయిన బల్ల మీద ఉంటే పడిన మనిషికి అందదు. చిన్న సంచిలో వేసి మెడకు తగిలించుకొమ్మనండి. తాళంచెవి ఒకటి నమ్మకమైన పక్కింటివాళ్ల దగ్గర ఉంచండి. పెద్దవాళ్ల కోసం 14567 సహాయ నంబరు కూడా ఉంది, గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.

వంటింటి నుంచి: నువ్వుల రాగిజావ

నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్లబియ్యంలో పది దరిదాపుల్లోనే! పొట్టు తీయని నువ్వుల్లో వెయ్యి దాటుతుంది.

రెండు చెంచాల రాగిపిండి చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసున్నర మరిగే నీళ్లలో పోస్తూ గరిటెతో తిప్పండి. పచ్చివాసన పోయేదాకా ఉడికించి చల్లార్చండి. గ్లాసు చిక్కటి మజ్జిగ, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, దోరగా వేయించి దంచిన నువ్వుల పొడి ఒక చెంచా కలపండి. పళ్లు లేని తాతలకు కూడా హాయిగా దిగుతుంది. కండకు బలం కావాలంటే దీంతోపాటు పప్పు, గుడ్డు, పెరుగు రోజూ ఉండాలి. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడిగి తాగాలి.

చివరగా ఒక్క మాట. ఈ రాత్రి భోజనాలయ్యాక అత్తమ్మనో, అమ్మనో మెల్లగా అడగండి. "ఈ ఏడాదిలో ఎప్పుడన్నా పడ్డవా?" అని. "చెప్పినా నిన్ను కూసోబెట్టను, నీ పనులు నువ్వే చేసుకుందువు గానీ" అని ముందే మాటివ్వండి. ఒకసారి పడినవాళ్లు మళ్లీ పడే అవకాశం ఎక్కువ, అందుకే ఆ సంగతి దాచకుండా బయటికి రావాలి. ఎక్కడ పడిందో చెబితే ముందు ఆ చోటు బాగుచెయ్యండి.

ఇదంతా అత్తగారి కోసమే అనుకోకండి సుమా! ముట్లాగిపోయాక ఆడవాళ్ల ఎముకల్లో బలం వేగంగా తగ్గుతుంది. ఈ రోజు ఆమె కోసం గోడకు కొట్టించిన కమ్మీ, ఇరవై ఏళ్ల తర్వాత మీ చేతికే ఆసరా.